దుఃఖానికి దురద ఉండదు

పరుపు దులపడం మొదలుపెట్టిన కాసేపటికే ఆమె కళ్ళు నిండాయి. కిటికీలోంచి ఏటవాలుగా పడుతున్న ఎండలో దుమ్ము లేచి, ఎవరి మీదా కోపం లేనిదానిలా నెమ్మదిగా తిరిగి పరుపు మీదే వాలుతోంది. పని అంటే ఏదో ఒకటి పూర్తి కావడమని చదువుకునే రోజుల్లో ఆమె అనుకునేది. ఇంటి పనిలో పూర్తి కావడమన్న మాటే లేదని కాపురానికి వచ్చాక అర్థమైంది. ఒక చేత్తో దుప్పటి కొస పట్టుకుని, రెండో చేతి మణికట్టుతో కళ్ళు రుద్దుకుంటూ ఉండగా భర్త నోట్లో బ్రష్షుతో గుమ్మంలోకి వచ్చాడు. ఆమె మొహం చూశాడు. బ్రష్షు ఆగిపోయింది.

“సరే, చెప్పేస్తున్నా,” అన్నాడు నురగలోంచి. “నీ గొడుగు మా ఆఫీసులో వాడికిచ్చింది నేనే. వాడు పోగొట్టాడు.”

గొడుగు పోయిన సంగతే ఆమెకు అప్పటిదాకా తెలియదు.

ఆ ఇంట్లో సమాచారం నడిచే దారి అదే. ఆమె కళ్ళు ఎర్రబడితే ఆమెకు అంతా తెలిసిపోయిందని అతను నమ్మేవాడు. తెలిసిపోయినదాన్ని ముందుగా ఒప్పుకోవడమే మర్యాద అనుకునేవాడు. ఆమె కుట్టుమిషను ఎవరికో ఇచ్చేసిన సంగతి, తన చెల్లెలి కుటుంబాన్ని సెలవులన్నీ ఇక్కడే గడపమని పిలిచేసిన సంగతి, పెదనాన్న కొడుకు పరిశోధన వ్యాసమంతా “మా ఆవిడ టైపు చేసి పెడుతుందిలే” అని మాటిచ్చేసిన సంగతి, అన్నీ ఇలా పరుపు పక్కన నిలబడి తెలుసుకున్నవే. పెళ్ళైన కొత్తలో ఆమె నిజం చెప్పి చూసింది. “దుమ్మండీ,” అనేది. “దుమ్మేలే, నాకు తెలియదా,” అని అతను ఇంకా కుంగిపోయి, మరో తప్పు కూడా ఒప్పుకునేవాడు.

అత్తగారి లెక్క వేరు. “దుమ్మట, దుమ్ము! ఆ దుమ్ము మా కళ్ళల్లో పడదేం? దానిక్కూడా కోడలి కళ్ళే కావాలా?” అనేది, గోడతో చెప్తున్నట్టుగా. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి కూతురికి ఫోను చేసేది. “ఏమన్నానే నేను? కూరలో ఉప్పెక్కువైంది అన్నాను, అంతే. తెల్లారేసరికి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నోరు తెరవాలంటే భయంగా ఉంది తల్లీ.” ఆ భయం పుణ్యమా అని ఉప్పు గురించి కొన్నాళ్ళపాటు ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు.

అందువల్ల ఆమెకు ఒక విచిత్రమైన సందేహం ఉండేది. తాను ఏడవడం లేదు. ఏడ్చినవాళ్ళకు దక్కవలసిన జాలి, భయం, మర్యాద మాత్రం తనకు దక్కుతున్నాయి. తాను చెప్పని అబద్ధం వల్ల కలిగే లాభం తీసుకుంటే ఆ అబద్ధం తనదవుతుందా? దిండుగలీబులు తొడుగుతూ ఈ ప్రశ్నను అటూ ఇటూ తిప్పి చూసేది. జవాబు తేలేలోగా టీ పొంగిపోయేది.

ఆఫీసులో ఇదే సంగతి ఇంకొంచెం పెద్ద ఎత్తున జరిగేది. బట్టలుతికే యంత్రాలూ ఫ్రిజ్జులూ మరమ్మతు చేసే సర్వీసు సెంటరు అది. ఆమె డిప్లొమా చదివి, మొదట రిపేరు గదిలోనే చేరింది. తీగలూ సర్క్యూట్లూ ఆమెకు ఇష్టం. యంత్రం పాడైతే దానికి ఒక కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది, బాగుచేస్తే బాగవుతుంది. ఇంత న్యాయం ఆమెకు ఇంకెక్కడా కనబడలేదు. ఒకరోజు ఫిర్యాదుల కౌంటరులో కూర్చునే మనిషి రాకపోతే మేనేజరు ఆమెను అక్కడ కూర్చోబెట్టాడు. కౌంటరు కింద ఏనాడూ దులపని తివాచీ, దాని మీదికి గాలి ఊదే ఏసీ. కాసేపట్లోనే ఆమె కళ్ళు ఊరాయి. అప్పుడే ఒకాయన చిరిగిన చొక్కా జెండాలా పట్టుకుని వచ్చి బల్ల గుద్దాడు.

“మీ మిషను నా చొక్కా నమిలేసిందమ్మా! ఎవరు దీనికి...” అంటూ ఆమె మొహం చూసి ఆగిపోయాడు. గొంతు దిగింది. “పోనీలెండి. పాత చొక్కాయే. మీరు కాసిని మంచినీళ్ళు తాగండి.”

గాజుగదిలోంచి మేనేజరు ఇది చూశాడు. రిపేరు గదిలో ఆమె పని అక్కడితో సరి. “తీగలు ఎవరైనా కలుపుతారు మేడమ్. మనుషుల కోపం దించే కళ్ళు అందరికీ ఉంటాయా చెప్పండి?” అనేవాడు, పెద్ద బిరుదు ఇచ్చినట్టు. వెనకాల కుర్రకారు ఆమెకు పెట్టుకున్న పేరు ఊటబావి. ఆ పేరు చెవిన పడినప్పుడు ఆమెకు కోపం రాలేదు. నిజమే, ఎవరైనా వచ్చి తోడుకుపోయేదే, అనుకుంది.

ఇంతలో రిపేరు గది సూపర్‌వైజరు ఉద్యోగ విరమణ చేశాడు. ఆ స్థానానికి పరీక్ష పెడుతున్నామని నోటీసు అంటించారు. చచ్చిపోయిన సర్క్యూట్ బోర్డు ఒకటి చేతికిస్తారు. భూతద్దం పెట్టుకుని అది ఎందుకు చచ్చిందో కనిపెట్టాలి. డిప్లొమా ఉన్నవాళ్ళెవరైనా కూర్చోవచ్చు. ఆమె ఆ నోటీసు ముందు చాలాసేపు నిలబడింది. ఆమెకు జీవితంలో చాలా ఇచ్చారు, చాలా అప్పగించారు. తానుగా ఏదైనా కావాలనుకోవడం ఎలా ఉంటుందో గుర్తుచేసుకోవడానికి ఆ కాస్త సమయం పట్టింది. పేరు ఇచ్చి వచ్చింది.

పాత బోర్డు ఒకటి ఇంటికి తెచ్చుకుని, సాయంత్రాలు భోజనాల బల్ల మీద పెట్టుకుని సాధన మొదలుపెట్టింది. వెంట్రుకంత రాగి గీతలు కళ్ళముందు ఈదులాడాయి. రుద్దుకుంది. ఇంకా ఈదాయి. కొద్దిరోజులకు కంటి తెల్లగుడ్డు నీటిబుడగలా ఉబ్బింది. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోయేవి. పక్కింటావిడ తేనె వెయ్యమంది. భర్త ఫ్రిజ్జు తలుపు తెరిచి, ఎప్పటిదో ఒక సీసా తీశాడు. “నాకు కళ్ళకలక వచ్చినప్పుడు ఇచ్చారు. సగం అలాగే ఉంది. పారెయ్యడం ఎందుకు, వేసుకో,” అన్నాడు. వేసుకుంటే అద్భుతంగా తగ్గింది, మానేస్తే అంతకు రెట్టింపుగా తిరిగొచ్చింది. ఇక కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళక తప్పలేదు. భర్త తానూ వస్తానన్నాడు. దారి పొడుగునా ఏదో నేరానికి వాంగ్మూలం ఇవ్వబోతున్నవాడిలా ఉన్నాడు.

డాక్టరమ్మ జుట్టు నెరిసిన మనిషి, మాట పొదుపు.

“మంటా, దురదా?”

“దురద.”

“రెండు కళ్ళూనా?”

“రెండూ.”

“రుద్దుకుంటే?”

“ఆ కాసేపూ స్వర్గంలా ఉంటుంది.”

“తర్వాత నరకం. ఊఁ, పైకి చూడకండి. కిందికి చూడండి.” డాక్టరమ్మ పైరెప్ప తిరగేసి, దీపం వేసి చూసింది.

“మేమేమీ అనం డాక్టరుగారూ,” అన్నాడు భర్త, ఉండబట్టలేక.

డాక్టరమ్మ తల తిప్పింది. “మీరెవరు?”

“భర్తని.”

“నేను మిమ్మల్ని ఏమీ అడగలేదే.”

“అహఁ, రోజూ ఏడుస్తుంది కదా, మీరేమనుకుంటారో అని...”

“ఏడవడం లేదు. ఎలర్జీ. దుఃఖానికి దురద ఉండదు.”

ఆమెకు ఆ మాట తీర్పులా వినిపించింది. ఇన్నేళ్ళూ తాను చెప్పిందే ఇది. ఒక్క తేడా, ఈసారి వినవలసినవాళ్ళు విన్నారు. దానికి తెల్లకోటు కావలసి వచ్చింది.

“పరుపుల్లో, దిళ్ళలో, తివాచీల్లో కంటికి కనబడనంత చిన్న పురుగులుంటాయి,” డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ చెప్పింది. “మన ఒంటి మీంచి రాలే పొట్టు తిని బతుకుతాయి. దులిపినప్పుడు వాటి రెట్ట గాల్లోకి లేచి కళ్ళల్లో పడుతుంది. దానివల్ల మనకు హాని ఏమీ లేదు. కానీ కొందరి ఒళ్ళు దాన్ని శత్రువనుకుని యుద్ధానికి దిగుతుంది. ఈ ఎరుపు, నీరు, దురద ఆ యుద్ధమే. ఇంకొందరికి పుప్పొడితో వస్తుంది, పిల్లి బొచ్చుతో వస్తుంది. మీకు పరుపు దగ్గర ఎక్కువవుతోంది కనక దీన్నే ముందు అనుమానిస్తున్నాను.”

“మరి నేనూ అదే పరుపు మీద పడుకుంటున్నాను కదా. నాకెందుకు రాదు?”

“మీ ఒంటి తీరు వేరు. అది సరే, పరుపు ఎవరు దులుపుతారు?”

భర్త చొక్కా గుండీ సరిచేసుకున్నాడు.

“...ఆవిడే.”

“అదీ ఒక కారణం.”

తర్వాత చేయవలసినవి చెప్పింది. రోజూ పొద్దునా సాయంత్రం ఎలర్జీ చుక్కలు. తగ్గిందని రెండోరోజే మానెయ్యకూడదు, కొన్ని వారాలు వెయ్యాలి. కంట్లో పడ్డ దుమ్ము కడిగేసే కన్నీటి చుక్కలు వేరే. దురద పుడితే చల్లటి తడిగుడ్డ వేసుకోవాలి తప్ప రుద్దకూడదు, రుద్దేకొద్దీ దురద పెరుగుతుంది. పక్కబట్టలు వారం వారం వేడినీళ్ళలో ఉతకాలి. పరుపుకూ దిళ్ళకూ దుమ్ము చొరని గట్టి తొడుగులు వెయ్యాలి. పొడిగా దులపకుండా తడిగుడ్డతో తుడవాలి. ఫ్రిజ్జులోని పాత మందు సంగతి ఆమె చెప్పగా, “ఆ మిగిలిన సీసా ఎవరిచ్చారు?” అని అడిగింది చివర్లో. భర్త మెల్లిగా చెయ్యెత్తాడు. “అందులో స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టరు చూడకుండా వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి చూపుకే మోసం వస్తుంది. ఒకరి మందు ఇంకొకరు వెయ్యొద్దు. ఆఁ, ఇంకోటి. పరుపు పని ఇకనుంచి వేరేవాళ్ళు చెయ్యాలి.”

భర్త గొంతు సవరించుకున్నాడు. “దానికి వేరే మందేదీ లేదా డాక్టరుగారూ?”

లేదని తేలడంతో మర్నాటి నుంచి అతనే ముక్కుకు గుడ్డ కట్టుకుని పరుపు తుడిచాడు. పంటలకు మందు కొట్టేవాడిలా ఉన్నాడు. గుమ్మంలో నిలబడ్డ అత్తగారికి ఆ దృశ్యం మింగుడు పడలేదు. “వాడి చేత పరుపు పనా!” అని లోపల గొణిగింది, పక్కింటావిడ అడిగితే మాత్రం “డాక్టరు రాసిచ్చిందండీ,” అంది, ఆ వైద్యం కొడుక్కే జరుగుతున్నట్టు.

మందు పనిచేసింది. దురద ముందు పోయింది, ఎరుపు తర్వాత పోయింది. ఆమె అద్దంలో తన కళ్ళను కొత్త మనిషి కళ్ళలా చూసుకుంది. బోర్డు మీద గీతలు ఈదడం మానేసి ఎక్కడివక్కడ నిలబడ్డాయి.

కానీ కళ్ళు ఆరగానే లోకం తీరు మారింది. “బిల్లు లేనిదే తీసుకోలేమండీ,” అని కౌంటరులో ఆమె మునుపటి గొంతుతోనే చెప్పేది. ఆ మాటకే తల దించుకుని వెళ్ళిపోయిన జనం ఇప్పుడు “ఎంత నిర్లక్ష్యం చూశారా!” అని పక్కవాళ్ళతో అన్నారు. ఒకాయన ఫిర్యాదుల కౌంటరు మీదే ఫిర్యాదు రాసి ఆమె చేతికే ఇచ్చాడు. మాట మారలేదు, మనిషి మారలేదు. రెప్పల కింద తడి ఒక్కటే తగ్గింది. ఇంతకాలం జనం విన్నది తన మాటను కాదు, ఆ తడిని. అంటే ఆడది సూటిగా ఒక మాట చెప్పాలంటే ముందు కాస్త క్షమాపణ కళ్ళల్లో పెట్టుకుని రావాలన్నమాట. ఆ క్షమాపణ తన కళ్ళకు జబ్బు రూపంలో ఉచితంగా దొరికింది. దొరకనివాళ్ళు ఏం చేస్తున్నారో!

మేనేజరు గాజుగదిలోకి పిలిచాడు. “ఇంట్లో అంతా బావుందా మేడమ్?”

“బావుందండీ.”

“అదే... ఈమధ్య మీలో మునుపటి ఆర్ద్రత కనిపించడం లేదు.”

“కళ్ళల్లో మందు వేసుకుంటున్నానండీ.”

“ఓహో.” కాసేపు ఆలోచించాడు. “పనివేళల్లో వెయ్యకుండా ఉండే వీలుందేమో డాక్టరును కనుక్కోకూడదూ?”

ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పు మళ్ళీ చర్చకు వచ్చింది. ఆమె “మీరే వేసుకోండత్తయ్యా, డబ్బా అక్కడే ఉంది” అంటే అత్తగారు నోరు వెళ్ళబెట్టింది. ఫోనులో కూతురికి కొత్త కబురు వెళ్ళింది. “ఇప్పుడు ఏడవడం మానేసిందే. పొగరు పట్టుకుంది.” భర్త సంతోషంగా ఉన్నాడు. ఈల వేసుకుంటూ పరుపు తుడిచేవాడు. ఒప్పుకోలు ఆగిపోయాయి. ఆమె కళ్ళు తెల్లగా ఉన్నాయంటే ఆమెకు ఏమీ తెలియదని, తెలియని తప్పు జరగని తప్పుతో సమానమని అతను స్థిమితపడ్డాడు. ఒకపూట మాత్రం కాస్త బెంగగా అడిగాడు: “ఆ చుక్కలు రోజు విడిచి రోజు వేసుకుంటే సరిపోదా? నువ్వు మరీ... సూటిగా చూస్తున్నావు.”

పరీక్ష రోజు వచ్చింది. ఆమె భూతద్దం తీసుకుని రిపేరు గదికి వెళ్తుంటే మేనేజరు ఎదురొచ్చాడు.

“అదేమిటి, మీరు మానుకున్నారుగా?”

“నేనా?”

“పోయినవారం మీవారికి ఫోను చేశాను. సూపర్‌వైజరంటే సాయంత్రాలు ఆలస్యమవుతుంది, వాళ్ళ ఇళ్ళకూ వీళ్ళ ఇళ్ళకూ తిరగాలి, ఇంట్లో ఒకమాట అడగడం మంచిదని. ‘ఆవిడకూ అంత ఇష్టం లేదులెండి, కౌంటరే నయం’ అన్నారాయన. మంచి మనిషి. నేను మీ పేరు తీసేశాను.”

ఆమె భూతద్దాన్ని ఇంకో చేతిలోకి మార్చుకుంది. పోయినవారమంతా ఈల పాట. ఆ పాట వెనకాల ఇది ఉందన్నమాట. కళ్ళు ఎర్రగా ఉన్న రోజుల్లో అయితే ఈ కబురు మర్నాడు పొద్దున్నే నురగతో సహా బయటికి వచ్చేది. తన ఆరోగ్యమే తనను చీకట్లో పెట్టింది. ఒక్క క్షణం, ఆ చుక్కలు మానేస్తే, అనే ఆలోచన వచ్చింది. మానేస్తే జాలి వస్తుంది, కబుర్లు వస్తాయి, మర్యాద వస్తుంది. ఆ బోర్డు మీది గీత మాత్రం కనబడదు.

“నా ఇష్టం ఆయన్నడిగి తెలుసుకున్నారు, సరే,” అంది. “పరీక్షకు కూడా ఆయన్నే పిలిచారా, నేను కూర్చోనా?”

మేనేజరు పక్కకు జరిగాడు. లోపల కూర్చున్న పరీక్షాధికారి హెడ్డాఫీసు నుంచి వచ్చిన మనిషి. అతనికి ఆమె కళ్ళ చరిత్ర తెలియదు. “డిప్లొమా ఉందా? ఉంటే కూర్చోండి, త్వరగా,” అన్నాడు. పేరు మళ్ళీ రాశారు.

బోర్డు చేతికి వచ్చింది. ఆమె దీపం దగ్గరికి లాక్కుని, భూతద్దం కంటికి ఆనించింది. గీతలు ఒక ఊరి వీధుల్లా కనిపించాయి. ఒక్కో వీధిలో నడిచింది. ఎక్కడా మాడిన మచ్చ లేదు, ఊడిన అతుకు లేదు. తిరిగి మొదటికి వచ్చి, వెలుతురు పక్కనుంచి పడేలా బోర్డు వంచింది. ఒక రాగిగీత మీద వెంట్రుక పడ్డట్టు నీడ. ఊదింది. కదల్లేదు. వెంట్రుక కాదు, పగులు. అతికించి, కరెంటు ఇచ్చింది. ఎర్రటి చిన్న దీపం వెలిగింది. సాయంత్రానికి ఆర్డరు కాగితం మీద ఆమె సంతకం పెట్టింది. మేనేజరు పక్కనే నిలబడి, “కౌంటరుకు మీలాంటి మనిషిని ఎక్కడ వెతకను?” అన్నాడు దిగులుగా. “తివాచీ మార్పించకండి, ఎవరు కూర్చున్నా సరిపోతారు,” అందామె.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు ముందుగదిలో ఆరిన బట్టలు మడతపెడుతోంది. భర్త కొత్త దిండు తొడుగుకు జిప్పు వేసి, తాను సాధించిన విజయం చూడమన్నట్టు ఎత్తి చూపించాడు. ఆ మొహంలో ఏ దాపరికమూ కనబడలేదు. అతను నిజంగానే మరిచిపోయాడు. ఆమె తరఫున వద్దని చెప్పడం అతనికి గుర్తుంచుకోదగ్గ విషయంగా అనిపించలేదు. ఆ మరుపు చూడగానే, ఆఫీసులో రాని నీళ్ళు, దారిలో రాని నీళ్ళు, ఆమె కళ్ళల్లోకి వచ్చాయి. గుమ్మంలోనే నిలబడిపోయింది.

“అదుగో, మళ్ళీ మొదలైంది,” అంది అత్తగారు. “చుక్కలు వేసుకోలేదా అమ్మాయ్?”

“ఉండుండు, రుద్దకు!” భర్త దిండు పారేసి ఫ్రిజ్జు దగ్గరికి పరుగెత్తాడు. ఎలర్జీ చుక్కల సీసా తెచ్చి మూత తీశాడు. “తల పైకెత్తు. బస్సులో దుమ్ము పడి ఉంటుంది.”

ఆమె తల ఎత్తలేదు. “పొద్దున్నే వేసుకున్నాను. ఇది దుమ్ము కాదు. ఏడుస్తున్నాను.”

అతని చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. “దురదగా...?”

“లేదు.”

ఆ మాటకు అతని మొహంలో రక్తం లేకుండా పోయింది. పాత అలవాటు కట్టలు తెంచుకుంది. “చెల్లెలికి నీ ఉంగరం ఇచ్చింది పెళ్ళికి పెట్టుకుని ఇచ్చేస్తానంటేనే. నీ వాచీ కింద పడేసింది కూడా నేనే. మీ నాన్నగారు ఫోను చేస్తే నువ్వు పడుకున్నావని...”

“ఇవేవీ నాకు తెలియవు,” అంది ఆమె. “నేను ఏడుస్తున్నది మా మేనేజరుతో నాకు ఇష్టం లేదని చెప్పినందుకు.”

“అదా!” అన్నాడతను, అమాయకంగా. “నీకు కష్టమవుతుందని...”

“పరీక్ష రాశాను. వచ్చేవారం నుంచి రిపేరు గదిలో సూపర్‌వైజరుని. సాయంత్రాలు ఆలస్యమవుతుంది. వంట ఎవరు చేస్తారో మీరిద్దరూ అనుకోండి. నన్ను అడిగితే మాత్రం నాకు ఏది ఇష్టమో నేనే చెప్తాను.” కళ్ళు కారుతున్నా వాక్యం తెగనివ్వలేదు. ఏడుస్తూ కూడా సూటిగా మాట్లాడవచ్చని ఆమెకు అప్పుడే తెలిసింది.

అత్తగారు చేతిలో ఉన్న చీర మడత విప్పింది, మళ్ళీ మడిచింది, మళ్ళీ విప్పింది.

“నాకూ వచ్చేవి,” అంది, చీరతో చెప్తున్నట్టు. “అప్పట్లో కట్టెలపొయ్యి కదా. ఏడుపొచ్చినప్పుడల్లా పొగ అని చెప్పేదాన్ని. ఆయనా నమ్మారు, మా అత్తగారూ నమ్మింది. వీడూ నమ్మాడు, చిన్నప్పుడు. ఒక్కళ్ళూ కాదనలేదు.” ముక్కు ఎగబీల్చింది. “నువ్వేమో ఉన్నమాట చెప్పావు, దుమ్మని. అదేమో ఒక్కళ్ళమూ నమ్మలేదు.”

చీర కొంగు కళ్ళకు ఒత్తుకుంది. కోడలు వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, చీర రెండో కొస పట్టుకుంది.

సీసా పట్టుకుని నిలబడ్డ కొడుకు ఒకసారి తల్లి మొహంలోకి, ఒకసారి భార్య మొహంలోకి చూశాడు. సీసా చివర చుక్క ఒకటి వేలాడుతూ ఉంది. దాన్ని ఎవరి కంట్లో వెయ్యాలో అతనికి తెలియలేదు.